రక్తం మాత్ర వెనుక ఉన్న మనిషి: యల్లాప్రగడ సుబ్బారావు

కలువాయి మెట్టన నిమ్మతోటల్లో కాయలు కోసే ఆడకూలీలను, సోమశిల నీళ్ళు పారే మడుల్లో నాట్లేసే ఆడకూలీలను అడిగి చూడండి. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కళ్ళు తిరగడం, నాలుగడుగులు వేస్తే ఆయాసం, రాత్రి పడుకుంటే కాళ్ళు పీకడం వీళ్ళలో చాలామందికి అలవాటైపోయిన బాధలు. కడుపుతో ఉన్నప్పుడు ఆరోగ్య కేంద్రం నర్సమ్మ ఎర్ర మాత్రలు ఇస్తుంది. రక్తం మాత్రలని అందరూ పిలిచే మాత్రలు అవే. ఒకరు వేసుకుంటారు, ఇంకొకరు వికారమని గూట్లో పెట్టి మర్చిపోతారు.

ఆ మాత్రలో రెండు వస్తువులున్నాయి. ఒకటి ఇనుము. రెండోది ఫోలిక్ ఆమ్లం. ఈ రెండోదాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే దారి కనిపెట్టిన శాస్త్రజ్ఞుల జట్టుకు నాయకుడు మన తెలుగువాడే. భీమవరంలో పుట్టి, మద్రాసులో చదివి, అమెరికాలో ఆసుపత్రి మలమూత్రాల పాత్రలు కడిగి బతికి, చివరకు ప్రపంచమంతా వాడుకునే మందులు ఇచ్చిపోయిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు ఆయన. మన మందుల సంచీలో ఆయన పని ఇంకా ఉంది గానీ, ఆయన పేరు మన ఊళ్ళలో ఎందరికి తెలుసు?

కష్టాల బాల్యం

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. తండ్రిది రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగం. పిల్లలు ఎక్కువ, ఆదాయం తక్కువ. పిల్లవాడికి చదువు మీద మొదట్లో మనసు నిలవలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు వదిలి పారిపోయాడు. నిడదవోలు దగ్గర పట్టుకుని ఇంటికి తెచ్చారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. తల్లి పట్టు విడవలేదు. ఒంటిమీది బంగారం అమ్మి కొడుకును మద్రాసు పంపింది. మూడోసారి అక్కడి హిందూ హైస్కూలునుంచి గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో చదివే రోజుల్లో సన్యాసం పుచ్చుకోవాలని రామకృష్ణ మఠం వైపు తిరిగాడు. వైద్యం చదివితే జనానికి ఎక్కువ ఉపయోగపడగలవని మఠంవాళ్ళే సలహా ఇచ్చారు. అలా మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. పెళ్ళి 1919లో జరిగింది. భార్య శేషగిరి. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చదువుకు డబ్బు సాయం చేశాడు.

అది జాతీయోద్యమం ఊపందుకున్న కాలం. విదేశీ బట్ట బహిష్కరించమని పిలుపు వచ్చింది. సుబ్బారావు ఖద్దరు కట్టాడు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు అంగీతోనే వెళ్ళాడు. శస్త్రచికిత్స చెప్పే తెల్ల ప్రొఫెసర్‌కు అది గిట్టలేదు. రాతపరీక్షలు బాగా రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ఒక అంగీకి ఎంత ధర కట్టాల్సి వచ్చిందో చూడండి. మద్రాసు ప్రభుత్వ వైద్య సర్వీసులోనూ చోటు దొరకలేదు.

ఈలోపు ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే జబ్బు వచ్చి ఎనిమిది రోజుల తేడాలో ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. ఈ జబ్బులో తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం విరిగిపోతుంది, మనిషి ఎముకల గూడవుతాడు. వైద్యం చదివినవాడు ఇంట్లో ఉండి కూడా ఏమీ చేయలేకపోయాడు. ఆ తర్వాత అదే జబ్బు సుబ్బారావుకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి మందిచ్చి బతికించారు. ఆయన నడిపే ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు శరీరశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడయ్యాడు. కానీ లోపల ఒక ప్రశ్న తొలుస్తూనే ఉంది. ఈ జబ్బు ఎందుకు వస్తుంది? ఒంట్లో ఏది లేక వస్తుంది?

బోస్టన్‌లో రాత్రి పని

ఆ ప్రశ్న పట్టుకునే 1920ల తొలినాళ్ళలో అమెరికా ఓడ ఎక్కాడు. కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారు చేసిన సాయమే ఆధారం. భార్య అప్పుడు గర్భవతి. పుట్టిన కొడుకు ఏడాది నిండకుండానే పోయాడు. తండ్రి ఆ పిల్లవాడి ముఖం చూడనే లేదు. కొన్నేళ్ళలో తిరిగొస్తానని వెళ్ళినవాడు మళ్ళీ ఈ గడ్డమీద కాలుపెట్టలేదు. శేషగిరమ్మ ఎదురుచూస్తూనే ఉండిపోయింది. సుబ్బారావు త్యాగాన్ని గురించి చెప్పేవాళ్ళు ఈమె త్యాగాన్ని కూడా లెక్కలో వేయాలి.

బోస్టన్ చేరినాక హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల జబ్బుల చదువులో చేరాడు. కానీ ఆ ఎల్.ఎం.ఎస్. పట్టా అక్కడ వైద్యం చేయడానికి చెల్లలేదు. కడుపు నిండేదెలా? బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు తీసి కడిగే పనికి కుదిరాడు. రాత్రి ఆ పని, పగలు చదువు. ఏ పనినీ తక్కువగా చూడని గుణం ఆయనకు అక్కడే అలవడిందనుకోవచ్చు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులకు పౌరసత్వం చెల్లదని తీర్పు చెప్పింది. అలాంటి దేశంలో, అలాంటి రోజుల్లో, నల్లని చర్మంతో ఆయన నెగ్గుకొచ్చాడు. చట్టం 1946లో మారింది గానీ ఆయన చివరిదాకా అమెరికా పౌరుడు కాలేదు.

పార ఎత్తే చేతిలో ఏముంది?

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ కింద పనికి చేరాడు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టారు. భాస్వరం ఎక్కువుంటే నీలిరంగు చిక్కగా, తక్కువుంటే పలచగా వస్తుంది. ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో ఈ పద్ధతి వాడుకలోకి వచ్చింది. మన పొలం మట్టిని పరీక్షకు పంపినప్పుడు భాస్వరం తేల్చేది కూడా ఈ నీలిరంగు సూత్రం మీదనే.

ఆ పద్ధతి చేతికి వచ్చాక కండరం మీద పడ్డారు. పార ఎత్తినా, మోపు మోసినా, కలుపు తీసినా ఆ శక్తి కండరానికి ఎక్కడినుంచి వస్తుంది? అప్పటివరకు పెద్ద శాస్త్రజ్ఞులు చెప్పిన జవాబు వేరు. దానికి అంతకుముందు నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. ఫిస్కే, సుబ్బారావు 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని కండరంలో చూపించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే ఏడాది విడిగా ఏ.టి.పి.ని కనుగొన్నాడు. దాంతో పాత జవాబు తలకిందులైంది.

ఇది అర్థం కావాలంటే మన లెక్కలోనే చెప్పుకుందాం. ఏ.టి.పి. అంటే చేతిలో ఉన్న రోజుకూలి. ఖర్చుపెట్టిన వెంటనే పని జరుగుతుంది, కానీ చిటికెలో అయిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ కొంగున ముడేసిన డబ్బు. చేతిలోది అయిపోగానే అందులోంచి తీసి సర్దుకుంటాం. తిన్న తిండి గాదెలోని గింజలాంటిది. అది మెల్లగా మారి మళ్ళీ చేతికి డబ్బవుతుంది. ఈ ఏ.టి.పి. మనిషికొక్కడికే కాదు, ఎద్దుకూ ఉంది, వరిమొక్కకూ ఉంది. అందులో భాస్వరం తప్పనిసరి. భాస్వరం చాలని వేరుశనగ వేరు సరిగా పట్టక, ఎదుగుదల లేక గిడసబారడానికి కారణం ఇదే. మనం దుక్కిలో వేసే సూపర్ ఫాస్ఫేటు, బస్తాకు నూటికి 46 పాళ్ళ భాస్వరం లెక్కన అమ్మే డి.ఏ.పి., ఇవన్నీ మొక్కకు ఈ పెట్టుబడి అందించేవే.

ఇంత పని చేసినా పేరు ఎక్కువగా ఫిస్కేకు పోయింది. సుబ్బారావు 1930లో డాక్టరేటు పొందాడు. కానీ హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన మరికొన్ని పదార్థాల వివరాలను ఫిస్కే బయటకు రానివ్వలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చిందనీ ఆ రోజుల్లో తోటి పరిశోధకుడైన జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. ఆ హిచింగ్స్ 1988లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు. చాకిరీ ఒకరిది, పేరు ఇంకొకరిది అనే సంగతి పొలంలోనే కాదు, ప్రయోగశాలలోనూ ఉంది.

తిండిలో లోపం, మనసులో లోపం

1930లలో సుబ్బారావు దృష్టి కాలేయం మీదకు మళ్ళింది. కాలేయపు సారం ఇస్తే కొన్ని రకాల రక్తహీనతలు కుదురుతున్నాయి. అందులో ఏ వస్తువు ఈ పని చేస్తోందని చాలామంది వెదుకుతున్నారు. తిండి లోపం వల్ల వచ్చే జబ్బు ఒంటితో ఆగదు, మనసునూ పట్టుకుంటుందని ఆ వెదుకులాటలోనే తేలింది.

పెల్లాగ్రా సంగతే చూడండి. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పొలుసులూడుతుంది, విరేచనాలవుతాయి, ముదిరితే మతి తప్పుతుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి కౌలుదార్లు, మిల్లు కూలీలు ఈ జబ్బుతో పిచ్చాసుపత్రుల పాలయ్యారు. ఇది అంటురోగమని పెద్దలు వాదించారు. 1914 నుంచి జోసెఫ్ గోల్డ్‌బర్గర్ అనే డాక్టరు అది అంటురోగం కాదు, మొక్కజొన్న పిండితోనే కడుపు నింపుకునే పేదల తిండి లోపమని రుజువు చేశాడు. 1937లో కాలేయంలోని నికోటినిక్ ఆమ్లమే దీనికి మందని తేలింది. ఆ మందుతో మతి తప్పిన మనుషులు కూడా తేరుకున్నారు. మన దక్కనులోనూ జొన్న ఒక్కటే తిని బతికిన పేదల్లో ఈ జబ్బు కనబడింది. 1960లో హైదరాబాద్ పోషకాహార పరిశోధనాలయంలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్‌కు దీనితో సంబంధముందని సూచించారు. జొన్న చెడ్డదని కాదు దీని అర్థం. పక్కన పప్పు, పాలు, ఆకుకూర లేకపోవడమే అసలు చేటు. గాలి సోకింది, దెయ్యం పట్టింది అని మంత్రగాడి దగ్గరకు తీసుకుపోయే మనిషికి నిజానికి కావాల్సింది డాక్టరూ, కడుపునిండా తిండీ కావచ్చు.

బొంబాయి మిల్లు తల్లులు, ఆకులోని ఆమ్లం

ఫోలిక్ ఆమ్లం కథ కూడా కూలీల దగ్గరే మొదలైంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద గర్భిణులు రక్తం లేక ప్రాణాలమీదకు తెచ్చుకుంటున్నారు. వాళ్ళ తిండిలో ఏదో తక్కువైందని ఆమె గ్రహించింది. ఈస్టు పులుపునుంచి తీసిన మార్మైట్ అనే చవక సారం ఇస్తే రక్తం పట్టిందని 1931లో ప్రకటించింది. 1941లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూర ఉడికించి, వడగట్టి అందులోంచి చిటికెడు పదార్థం తీశారు. ఆకునుంచి వచ్చింది కాబట్టి లాటిన్‌లో ఆకు పేరే దానికి పెట్టారు.

టన్నుల ఆకు ఉడికిస్తే చిటికెడు వచ్చే మందు పేదలకు ఎలా అందుతుంది? దాన్ని రసాయనాలతో తయారుచేయాలి. సుబ్బారావు 1940లో హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లే కంపెనీ ప్రయోగశాలకు వెళ్ళాడు, తర్వాత పరిశోధనకు అధిపతి అయ్యాడు. అక్కడ ఆయన జట్టు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఆ వెంటనే టామ్ స్పీస్ అనే డాక్టరు క్యూబాలో స్ప్రూ రోగులకు దాన్ని ఇచ్చి చూశాడు. రోగులు లేచి కూర్చున్నారు. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు పాతికేళ్ళ తర్వాత ఆయన చేతుల మీదుగానే వచ్చింది.

క్యాన్సర్‌కు ఎదురు తిరిగిన మందు

ఒంట్లో ప్రతి కణంలోనూ జన్యువులుంటాయి. మన రూపం, మన ఒంటి పనితీరు రాసిన చిట్టా అది. కణం రెండుగా చీలాలంటే ఆ చిట్టాకు నకలు తీయాలి. నకలు తీయడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. రక్తం ఎప్పటికప్పుడు కొత్తగా తయారవ్వాలి కనుక, అది తక్కువైతే ముందు దెబ్బతినేది రక్తమే. క్యాన్సర్ అంటే జన్యువులు చెడి, అదుపు లేకుండా కణాలు పెరగడం. కలుపు పైరును మించి పెరిగినట్టన్నమాట. మరి ఆ కలుపుకు ఎరువు అందకుండా చేస్తే?

బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తక్యాన్సర్ పిల్లలకు మొదట ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలనే ఇచ్చాడు. జబ్బు తగ్గకపోగా పెరిగినట్టు కనబడింది. ఆ చేదు అనుభవమే దారి చూపింది. సుబ్బారావు జట్టు ఫోలిక్ ఆమ్లంలా కనబడుతూ దాని పనిని అడ్డుకునే దొంగ పదార్థాలు తయారుచేసి పంపింది. అందులో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ తగ్గుదల కొన్ని నెలలే నిలిచింది, జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. కానీ అంతవరకు ఆ పిల్లలకు అంతపాటి ఆశ కూడా లేదు. దాని చెల్లెలు మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అనేక మందులు కలిపి ఇచ్చే వైద్యం వల్ల ధనిక దేశాల్లో ఈ జబ్బు వచ్చిన పిల్లలు పదిమందిలో ఎనిమిది తొమ్మిది మంది బతుకుతున్నారు.

ఒక్క మందే ఇస్తే జబ్బు ఎందుకు తిరగబెడుతుంది? 1978లో రాబర్ట్ షిమ్కే బృందం దీనికి ఒక కారణం చూపింది. మెథోట్రెక్సేట్ ఏ జన్యువు పనిని కొడుతుందో, క్యాన్సర్ కణం ఆ జన్యువుకు పదులు వందల నకళ్ళు తీసుకుని తప్పించుకుంటోంది. పత్తిలో శనగపచ్చ పురుగు ఒకే మందు పదేపదే కొడితే లొంగకుండా పోవడం మనం చూసిందే గదా. దారులు వేరైనా సూత్రం ఒక్కటే.

ఈ మెథోట్రెక్సేట్‌నే కీళ్ళవాతానికీ వాడతారు. అలా వాడేటప్పుడు వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్ళున్నారు. గర్భిణులు అసలు ముట్టకూడదు. దాని చెడు గుణం తగ్గించడానికి డాక్టర్లు అదే చీటీలో ఫోలిక్ ఆమ్లమూ రాస్తారు. సుబ్బారావు జట్టు చేతినుంచి వచ్చిన రెండు మందులు ఒకే చీటీలో పక్కపక్కన కూర్చుంటాయి.

బోదకాలు, పొలం మట్టి

ఇంకా రెండు మందుల సంగతి చెప్పాలి. బోదకాలు పురుగును చంపే డి.ఇ.సి. 1947లో ఆయన ప్రయోగశాలనుంచే వచ్చింది. మన దేశంలో 2004 నుంచి బోదకాలు జిల్లాల్లో ఇంటింటికీ వచ్చి మింగించిన మాత్రలు అవే.

రెండోది ఆరియోమైసిన్. అప్పటికి డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు లెడర్లేలో వందలాది మట్టి నమూనాలు పరీక్షించాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1888 నుంచి పంటమార్పిడి, ఎరువుల ప్రయోగాలు జరిగే పొలం ఒకటుంది. 1945లో అందులో గడ్డి పెంచే ఒక మడి మట్టిలో ఈ మందునిచ్చే సూక్ష్మజీవి దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో మొదటిది ఇదే. ప్లేగుతో సహా ఎన్నో జబ్బులకు ఈ జాతి మందులు పనికొచ్చాయి. సుబ్బారావు పోయాక ఇదే మందును కోళ్ళ మేతలో కలిపితే త్వరగా పెరుగుతాయని అదే కంపెనీవాళ్ళు కనుగొన్నారు. లాభం కోసం మేతలో ఎడాపెడా కలిపేశారు. మందుకు లొంగని క్రిములు పుట్టడానికి అదీ ఒక కారణం. మంచి మందును పాడుచేసేది కూడా మనిషి ఆశే.

చివరి రోజులు

సుబ్బారావు 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. వయసు 53 ఏళ్ళు. ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు నెలలే అయింది. ఆరియోమైసిన్ అప్పుడే లోకానికి తెలుస్తోంది. ఆస్తులు లేవు, పేటెంట్ల మీద రాబడి లేదు. సభల్లో ముందువరుసలో నిలబడే అలవాటూ లేదు. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. 1995లో మన ప్రభుత్వం తపాలా బిళ్ళ వేసింది.

ఆయన పనిచేసింది ఒక కంపెనీలో, కంపెనీ లాభం కోసమే నడిచే చోట. దీన్ని దాచాల్సిన పనిలేదు. కానీ ఆయన మందులు పేదల ఇళ్ళకు చేరింది ఎలా? గర్భిణులకు ఉచితంగా ఇనుము, ఫోలిక్ మాత్రలు ఇచ్చే పథకం మన దేశంలో 1970లో మొదలైంది. అదే ఏడాది చేసిన పేటెంట్ చట్టం మందు వస్తువు మీద గుత్తహక్కు తీసేసి, తయారీ పద్ధతి మీదనే హక్కు ఉంచింది. దాంతో మన ఫ్యాక్టరీలు మందులు చవకగా తయారుచేయగలిగాయి. 2005లో ఆ చట్టం మళ్ళీ మారింది. శాస్త్రం మందు ఇస్తుంది. అది కూలిమనిషి చేతికి చేరాలంటే చట్టమూ, ఆసుపత్రీ, జనం అడగడమూ కావాలి.

కాబట్టి నర్సమ్మ ఇచ్చిన మాత్రలు గూట్లో దాచకండి. వికారమైతే రాత్రి అన్నం తిన్నాక వేసుకోండి. టీతో కలిపి వేసుకోవద్దు, ఇనుము ఒంటికి పట్టదు. మాత్రలు లేవంటే ఆరోగ్య కేంద్రానికి పోయి అడగండి. గట్టున మొలిచే తోటకూర, పెరట్లో మునగాకు, కంది, పెసర, శనగపప్పు అన్నింటిలోనూ ఈ ఆకు ఆమ్లం ఉంది. ఎక్కువసేపు ఉడికించి నీళ్ళు పారబోస్తే అది పోతుంది.

అయితే ఆకుకూర తినండి, పప్పు తినండి అని కూలితల్లికి చెప్పడం తేలిక. కందులు పండించే చేలో పనిచేసే మనిషి ఇంట్లో రోజూ కందిపప్పు ఉడకాలంటే ముందు ఆమెకు గిట్టుబాటు కూలి రావాలి. బొంబాయి మిల్లు తల్లుల దగ్గర లూసీ విల్స్ చూసిందీ, అన్నదమ్ముల చావు నుంచి సుబ్బారావు వెదుకుతూ పోయిందీ చివరకు అక్కడికే వస్తాయి. జబ్బు ఒంట్లో కనబడుతుంది గానీ, దాని వేరు తరచుగా అన్నం కుండలో ఉంటుంది.